ముఖానికి పూసే ముందు

రాజోలి ఆడవాళ్ళకు రంగుల సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు ఇది. మగ్గం మీద బతికే ఊరు. గద్వాల చీరగా పేరు పొందిన చీరలను ఇక్కడ కూడా నేస్తారు. చీర నడుమంతా నూలు. అంచు, కొంగు పట్టు. ఏ రంగు పక్కన ఏ రంగు బాగుంటుందో ఇక్కడి అక్కచెల్లెళ్ళకు చూడగానే తెలుస్తుంది.

నూలుకు రంగు వేసేటప్పుడు తెలిసినవాళ్ళు తొందరపడరు. కట్ట మొత్తం ఒకేసారి ముంచరు. ముందు చిన్న పోగు ముంచుతారు. ఆరబెడతారు. రంగు సరిగా పట్టిందా, ఉతికితే దిగుతుందా అని చూస్తారు. ఆ తరువాతే మిగతా నూలు ముంచుతారు.

నూలు విషయంలో ఇంత జాగ్రత్త పడతాం. మరి ముఖం విషయంలో? పక్కింటామె పూసింది, మనమూ పూస్తాం. టీవీలో చూపించారు, కొంటాం. డబ్బా మీద ఏం రాశారో చూడం. ధర కూడా దుకాణం అతను చెప్పిందే నమ్ముతాం.

ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. ముఖానికి పూసేది కూడా చదివి పూద్దాం.

నలుపు జబ్బు కాదు

మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది ఎక్కువ ఉంటే చర్మం నల్లగా ఉంటుంది. తక్కువ ఉంటే తెల్లగా ఉంటుంది. మెలనిన్ ఊరికే లేదు. అది ఎండ నుండి చర్మాన్ని కాపాడుతుంది. పొలంలో గొడుగు పట్టుకున్నట్టు అనుకోండి. ఆ గొడుగును మనమే చింపుకోకూడదు.

తెల్లగా ఉంటేనే పెళ్ళి అవుతుంది, తెల్లగా ఉంటేనే అందం అనే మాట చాలా ఇళ్ళలో వింటాం. ఈ మాట మీదే కోట్ల రూపాయల వ్యాపారం నడిచింది. ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము మన దేశంలో 1975లో వచ్చింది. ఆ పేరులో ‘ఫెయిర్’ అంటే తెలుపు. చాలామంది తప్పు పట్టిన తరువాత 2020లో కంపెనీ పేరు మార్చింది. గ్లో అండ్ లవ్లీ అని పెట్టింది. డబ్బా మీద పేరు మారింది. మన ఇళ్ళలో మాట కూడా మారాలి.

చర్మం శుభ్రంగా ఉండాలి. పగలకుండా ఉండాలి. మచ్చలు, దురదలు లేకుండా ఉండాలి. మనకు కావలసింది అది. దానికి పెద్ద ఖర్చు అక్కర లేదు.

మీ చర్మం ఏ రకం?

అందరి చర్మం ఒకటి కాదు. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. అందుకే ముందు మన చర్మం ఏ రకమో తెలుసుకోవాలి. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

ముఖం కడుక్కోండి. మెత్తని గుడ్డతో అద్దుకోండి. ఏమీ పూయవద్దు. ఒక గంట ఆగండి. తరువాత పలుచని కాగితంతో నుదురు, ముక్కు, బుగ్గలు అద్ది చూడండి.

కాగితానికి అంతటా జిడ్డు అంటితే అది జిడ్డు చర్మం.
జిడ్డు లేక, చర్మం బిగుసుకొని పొట్టు లేస్తే అది పొడి చర్మం.
నుదురు, ముక్కు జిడ్డుగా ఉండి బుగ్గలు పొడిగా ఉంటే అది రెండూ కలిసిన చర్మం.
ఏది పూసినా మండితే, ఎర్రబడితే అది సున్నితమైన చర్మం.

చలికాలంలో పొడిగా ఉన్న చర్మం ఎండాకాలంలో జిడ్డు కావచ్చు. వయసు పెరిగిన కొద్దీ చర్మం పొడిబారుతుంది. అందుకని అప్పుడప్పుడు మళ్ళీ చూసుకోవాలి.

తక్కువ ఖర్చుతో ఏం చాలు?

రోజూ మూడు పనులు చాలు. కడగడం, మెత్తగా ఉంచడం, ఎండ తగలకుండా చూడడం.

కడగడం: ముఖం రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. మాటిమాటికి సబ్బు రుద్దితే చర్మం ఎండిపోతుంది. సున్నిపిండి వాడేవారు మెత్తగా రుద్దాలి. గరుకుగా తోమకూడదు. మొటిమలు ఉన్నచోట అసలు తోమకూడదు.

సబ్బు కొనేటప్పుడు కాగితం మీద టి.ఎఫ్.ఎం. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. వాటి పక్కన ఒక అంకె ఉంటుంది. సబ్బులో అసలు సరుకు ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది. ఒంటి సబ్బుకు 76 శాతం, ఆపైన ఉంటే మొదటి రకం. 70 ఉంటే రెండో రకం. 60 ఉంటే మూడో రకం. కాగితం మీద సినిమా తార బొమ్మ ఉన్నంత మాత్రాన సబ్బు మంచిది కాదు. బొమ్మ చూడకండి, అంకె చూడండి.

మెత్తగా ఉంచడం: పొడి చర్మం ఉన్నవారు స్నానం కాగానే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పూయవచ్చు. పెదవులకు, పగిలిన మడమలకు పెట్రోలియం జెల్లీ బాగా పనిచేస్తుంది. అది చవక. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవారు ముఖానికి కొబ్బరినూనె పూయకూడదు. మొటిమలు ఎక్కువవుతాయి.

ఎండ: ఎండను ఆపే క్రీములు ఉన్నాయి. వాటి మీద ఎస్.పి.ఎఫ్. అని ఉంటుంది. పక్కన 30 కాని, అంతకు మించి కాని ఉండాలి. కొనలేనివారు బాధపడనక్కర లేదు. కొంగు కప్పుకోండి. గొడుగు పట్టండి. వీలైన పనులు పొద్దున పది గంటల లోపు, సాయంత్రం నాలుగు తరువాత పెట్టుకోండి.

నిమ్మరసం ముఖానికి పూసి ఎండలోకి పోవద్దు. చర్మం కాలి మచ్చలు పడవచ్చు. మొటిమల మీద పళ్ళ పేస్టు పూయవద్దు. రంగుల పని చేసే అక్కలు చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. పని అయ్యాక చేతులు కడిగి నూనె రాసుకోవాలి.

మంగు, మందు ట్యూబు

బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. దీన్ని మంగు అంటారు. ఇది ఆడవాళ్ళకు ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు రావచ్చు. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల వల్ల కొందరికి రావచ్చు. ఎండ తగిలితే ముదురుతుంది. మంగు అంటువ్యాధి కాదు. పాపం వల్ల వచ్చేది అంతకన్నా కాదు. మంగు పోవాలనే ఆశతోనే చాలామంది ప్రమాదంలో పడతారు. ఈ మాటలు చదవండి.

చెల్లె: అక్కా, నా ముఖం చూడు. ఒకటే మంట. ఎండలకు పోలేకున్నా.

అక్క: ఎట్లయింది చెల్లె? పెండ్లిల చూసినప్పుడు బాగనే ఉంటివి కద.

చెల్లె: అప్పుడు బాగనే ఉండె. మంగు వచ్చిందని ఒక ట్యూబు తెచ్చుకుంటి. పదిహేను దినాలకే తెల్లగయ్యింది. అందరూ మెచ్చుకున్నరు.

అక్క: డాక్టరు రాసిచ్చెనా?

చెల్లె: ఎవరూ రాసియ్యలే. మా ఆడబిడ్డ వాడుతదని నేనూ తెచ్చుకుంటి.

అక్క: మరి ఆపి చూసినవా?

చెల్లె: ఆపితే రెండు దినాలకే ఎర్రగైతది. దురద పెడతది. మళ్ళ పూస్తే తగ్గుతది. ఆరు నెలల నుంచి ఇదే పని. ఇప్పుడు పూసినా తగ్గుత లేదు. గదుమ మీద వెంట్రుకలు గూడ వచ్చినయి.

అక్క: ఆ ట్యూబు ఇట్ల తే. ఇగో, ఈ పక్కన నిలువుగ ఎర్ర గీత ఉంది చూడు. ఇది డాక్టరు రాస్తేనే వాడే మందు. రోజూ పూసుకునే క్రీము కాదు.

చెల్లె: నాకేం తెలుసక్కా? తెల్లగ చేస్తదంటే నమ్మితి.

అక్క: భయపడకు. రేపు ఇద్దరం దవాఖానకు పోదాం. ట్యూబు పారెయ్యకు. డాక్టరుకు చూపియ్యాలె.

చెల్లె: ఇయ్యాల్నే ఆపెయ్యనా?

అక్క: డాక్టరు చెప్పినట్ల చెయ్యి. కొందరికి మెల్లమెల్లగ మాన్పిస్తరట.

ఆ ట్యూబులో ఏముంది?

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ అనే మందు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అనేవి ఆ మందుల పేర్లు. కొన్ని చర్మ జబ్బులకు డాక్టర్లు వీటిని కొద్ది రోజుల కోసం రాస్తారు. అప్పుడు అవి మంచి మందులే. ముఖం తెలుపు కోసం నెలల తరబడి పూస్తే అవే కీడు చేస్తాయి.

మొదట ముఖం తెల్లగా, నున్నగా కనబడుతుంది. తరువాత చర్మం పలుచబడుతుంది. లోపలి సన్నని నరాలు ఎర్రగా కనబడతాయి. మొటిమలు వస్తాయి. ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఎండకు పోతే మండుతుంది. ఆపితే ఇంకా మండుతుంది. అందుకే మానలేకపోతారు. తామర మీద ఈ ట్యూబులు పూసినా అంతే. దురద తగ్గినట్టు ఉంటుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. కాబట్టి దుకాణంలో అడగ్గానే ఇచ్చారంటే అది మంచి మందు అని కాదు. చీటీ అడగకుండా ఇవ్వడమే తప్పు.

ఇంకొక విషం పాదరసం. కొన్ని తెల్లబడే క్రీములలో దీన్ని కలుపుతారు. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మూత్రపిండాలను పాడు చేస్తుంది. కడుపులో ఉన్న బిడ్డకు కూడా హాని. తువ్వాలు ద్వారా, తాకడం ద్వారా ఇంట్లో పిల్లలకు కూడా అంటుతుంది. మన దేశంలో క్రీములలో పాదరసం కలపడం చట్టం ప్రకారం నేరం. అయినా దొంగచాటు సరుకు వస్తూనే ఉంది.

కేరళలోని మలప్పురం జిల్లాలో జరిగింది వినండి. 2021 నుండి 2023 వరకు కొట్టక్కల్‌లోని డాక్టర్లు ఒక రకం మూత్రపిండాల జబ్బు ఉన్న 22 మందిని చూశారు. వారిలో 15 మందికి అరుదుగా వచ్చే ఒకే మాదిరి జబ్బు కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు పూసుకున్నవారే. పూసింది ముఖానికి. చెడింది మూత్రపిండం.

ముఖం, కాళ్ళు వాచినా, మూత్రంలో నురగ ఎక్కువగా వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. ఏ క్రీము పూశారో దాచకుండా చెప్పాలి. పాతవి ఉంటే చూపించాలి.

డబ్బా చదువుదాం

డబ్బాల మీద ఎక్కువగా ఇంగ్లీషే ఉంటుంది. మనకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు అని వదిలేయకండి. అంకెలు అంకెలే. బడికి పోయే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఐదు సంగతులు చూడండి.

1. ధర. ఎం.ఆర్.పి. అనే అక్షరాల పక్కన ఉంటుంది. అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వనక్కర లేదు.

2. గడువు. ఈ.ఎక్స్.పి. అని ఉంటుంది. పక్కన నెల, సంవత్సరం ఉంటాయి. ఆ నెల దాటితే కొనకూడదు.

3. తయారు చేసినవారి పేరు, ఊరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు. ఇవి లేని డబ్బా తండ్రి పేరు తెలియని ఉత్తరం లాంటిది. ఎవరిని అడగాలో తెలియదు. కొనవద్దు.

4. కలిపిన సరుకుల పేర్లు. మెర్క్యురీ, కలోమెల్ అనే పేర్లు ఉంటే అది పాదరసమే. ఇంకొక గుర్తు ఉంది. ‘బంగారం, వెండి నగలకు తగలనీయవద్దు’ అని రాసి ఉంటే అనుమానించండి. నగను పాడు చేసేది ముఖానికి మేలు చేస్తుందా?

5. నిలువు ఎర్ర గీత. అది ఉంటే మందు. డాక్టరు చీటీ లేనిదే వాడకూడదు.

చేతితో చేసిన క్రీము, పేరు లేని డబ్బాలో నింపిన క్రీము, ‘ఏడు రోజుల్లో తెల్లబడతారు’ అని చెప్పే క్రీము ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. చుట్టాలు ఇచ్చినా సరే.

చిన్న పోగు పరీక్ష

ఇందాక చెప్పుకున్న నూలు పోగు గుర్తుందా? ముఖానికీ అదే పద్ధతి. కొత్త క్రీము తెచ్చిన రోజే ముఖమంతా పూయవద్దు. ముంజేయి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట పూయండి. రోజుకు రెండుసార్లు, ఒక వారం చూడండి. దురద, ఎరుపు, మంట, పొక్కులు రాకపోతే ముఖానికి పూయవచ్చు. వస్తే కడిగేయండి. అది మీకు పడదు. ధర ఎంతైనా పడదు.

తల రంగుకు కూడా ఈ పరీక్ష చేయాలి. కొంచెం చెవి వెనక పూసి రెండు రోజులు ఆగాలి. ఇంతకు ముందు వాడినప్పుడు పడినా, ఈసారి పడకపోవచ్చు.

బొట్టు, కాటుక, పౌడరు

పండుగ వస్తే, పెండ్లి వస్తే ముస్తాబు కావాలని ఎవరికి ఉండదు? అది తప్పేమీ కాదు. జాగ్రత్తగా చేసుకుంటే చాలు.

బొట్టు: పాతకాలంలో పసుపు, సున్నం కలిపి కుంకుమ చేసేవారు. ఇప్పుడు అంగట్లో దొరికే కుంకుమలో రంగులు కలుపుతున్నారు. కొన్ని రకాల సింధూరంలో సీసం ఉంటుంది. సీసం విషం. పిల్లల నోటికి తగలనీయవద్దు. స్టిక్కరు బొట్టు జిగురు కొందరికి పడదు. బొట్టు పెట్టుకునే చోట దురద పుడుతుంది. కొందరికి తెల్ల మచ్చ పడుతుంది. స్టిక్కరు రాత్రి తీసేయండి. దురద వస్తే ఆ రకం మానేయండి.

పసుపు: పొడి కొంటే కల్తీ ఉండవచ్చు. కొమ్ములు కొని ఇంట్లో దంచుకోవడం మేలు.

కాటుక: చంటిపిల్లల కళ్ళకు కాటుక పెట్టవద్దని డాక్టర్లు చెబుతారు. పెద్దవాళ్ళు పెట్టుకున్నా ఒకరి కాటుక ఇంకొకరు వాడకూడదు. కండ్లకలక అంటుతుంది. పెదవి రంగుకు కూడా ఇదే మాట.

పౌడరు, ముఖం రంగు: మన రంగు కన్నా తెల్లనిది కొంటే ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది. దుకాణం దీపం కింద చూడవద్దు. దవడ మీద కొంచెం రాసి బయట వెలుతురులో చూడండి. ఎక్కడ పూశామో కనబడకపోతే అదే మన రంగు. చీర అంచుకు దారం కలిపినట్టే. పడుకునే ముందు ఏ పూత అయినా కడిగేయాలి.

లెక్క చేద్దాం

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది. ఇళ్ళు పడిపోయాయి. మగ్గాలు పాడయ్యాయి. అంత కష్టం చూసిన ఊరికి రూపాయి విలువ తెలుసు. కొనే ముందు లెక్క చూడండి.

ఒక చిన్న డబ్బాలో 15 గ్రాముల క్రీము. ధర 60 రూపాయలు. గ్రాముకు ఎంత? 60ని 15తో భాగిస్తే 4 రూపాయలు.

ఒక పెద్ద డబ్బాలో 50 గ్రాములు. ధర 150 రూపాయలు. గ్రాముకు ఎంత? 3 రూపాయలు. ఇక్కడ పెద్దది చవక.

ఇప్పుడు ఇది చేయండి. షాంపూ ప్యాకెట్టు 2 రూపాయలు. అందులో 6 మిల్లీలీటర్లు. షాంపూ సీసా 120 రూపాయలు. అందులో 180 మిల్లీలీటర్లు. సీసాకు సమానంగా ఎన్ని ప్యాకెట్లు కావాలి? వాటికి ఎంత ఖర్చు? ఏది చవక?

పెద్దది ఎప్పుడూ చవక కాదు. చిన్నది ఎప్పుడూ చవక కాదు. లెక్క చేస్తేనే తెలుస్తుంది.

ఎవరిని అడగాలి?

చర్మం మీద ఏ మార్పు వచ్చినా ముందు ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పొండి. మంగు మాత్రల వల్ల వచ్చిందని అనుమానం ఉంటే మాత్రలు మీకు మీరే ఆపవద్దు. అడిగి వేరే పద్ధతి మార్చుకోండి. అవసరమైతే చర్మ డాక్టరు దగ్గరకు పంపమని అడగండి. నది దాటితే కర్నూలు పెద్దాసుపత్రి ఉంది.

ఎక్కువ ధర తీసుకున్నా, గడువు దాటిన సరుకు అమ్మినా 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు. బిల్లు అడిగి తీసుకోవడం మరవద్దు.

చర్చించండి

1. ‘తెల్లగా ఉంటేనే అందం’ అనే మాట మీ ఇంట్లో ఎవరంటారు? ఆ మాట విన్న ఆడపిల్ల మనసు ఎట్లా ఉంటుంది?
2. మందు ట్యూబు వాడి ఇబ్బంది పడినవారు మీ వాడలో ఉన్నారా? వారికి మీరు ఏం చెబుతారు?
3. దుకాణంలో చీటీ అడగకుండా మందు ఇస్తే ఏం చేయాలి?

చదవండి, రాయండి

ఇంట్లో ఉన్న సబ్బు, క్రీము, పౌడరు, నూనె సీసా అన్నీ కేంద్రానికి తీసుకురండి. ఒక్కొక్కదాని ధర, గడువు, తయారైన ఊరు చదవండి. నోటు పుస్తకంలో రాయండి. గడువు దాటినవి పక్కన పెట్టండి. ఎర్ర గీత ఉన్నవి వేరుగా పెట్టండి. వాటిని నర్సమ్మకు చూపించి అడగండి.

కొత్త మాటలు

మెలనిన్, మంగు, స్టెరాయిడ్, పాదరసం, సీసం, గడువు, లైసెన్సు, వినియోగదారు.

ఈ మాటలు రెండుసార్లు రాయండి. ఒక్కొక్క మాటతో ఒక వాక్యం చెప్పండి. చదువు రాని ఒక అక్కకు ఈ పాఠం చదివి వినిపించండి.